పసుపు దారం కట్టిన కాయ

ఏప్రిల్ 6, సోమవారం

నూకరత్నం ఈరోజు నవ్విన నవ్వు మామూలు నవ్వు కాదు.

రైతు బజారులో నా పక్క దుకాణమే తనది, నాలుగేళ్ళ నుంచీ. పొద్దున్నే పట్టలు పరుచుకుంటుంటే నలుగురికీ వినపడేలా అడిగింది — "ఏటే గౌరీ, మోటారు కాలిపోయి మీ పందిరి ఎండిపోనాదన్నావు కదే. మరి ఈ ఆనపకాయలు ఎక్కడ్నించి దిగినాయే?"

సగం పందిరి బతికిందన్నాను. బకెట్లతో పోస్తున్నామన్నాను. "ఓహో" అంది. ఆ తర్వాత నవ్వింది.

ఊరికే అడిగే మనిషి కాదు. ఎవరో పంపితే అడిగింది.

ఏప్రిల్ 7, మంగళవారం

ఈరోజు ఏమీ అడగలేదు. అడగకపోవడం ఇంకా అనుమానంగా ఉంది.

ఏప్రిల్ 9, గురువారం

ఎవరికీ చెప్పలేనిది ఇక్కడైనా రాసుకోవాలి, లేకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

రైతు బజారు వాళ్ళిచ్చిన కార్డు మీద మూడు పంటలున్నాయి — ఆనప, బెండ, తోటకూర. మన పొలంలో పండిందే మనం అమ్మాలి. ఇంకొకరి సరుకు పెట్టినట్టు తేలితే కార్డు లాగేసుకుంటారు, కార్డుతో పాటు దుకాణం. పద్మనాభంలో మాకున్న ఈ ముక్క భూమికి బజారులో ఆ అరుగే దిక్కు. అది పోతే కాయలు తట్టలో పెట్టుకుని ఎండలో వీధులు తిరగాలి. పెళ్ళయిన కొత్తలో తిరిగాను. మళ్ళీ తిరగలేను, మోకాళ్ళు ఒప్పుకోవు.

మార్చిలో మోటారు కాలిపోయింది. బెండ, తోటకూర బిందెలతో బతికించుకున్నాం. ఆనప పందిరి మాత్రం పదిరోజుల్లో గడ్డి అయిపోయింది. జనం నా దగ్గర ఆగేదే ఆనపకాయకి. ఆగినవాళ్ళు మిగతావి కూడా తీసుకెళ్తారు. కాయ లేని దుకాణం ముందు నుంచి తల తిప్పకుండా పోతారు.

అప్పుడే పైడి ఫోను చేసింది. నా చెల్లెలు. దాన్ని పరవాడ అవతల ఊళ్ళో ఇచ్చాం.

"అప్పా, నా కాడ కాయలున్నాయి, కొనేవోల్లు లేరు. నీ కాడ కొనేవోల్లున్నారు, కాయల్లేవు. మరేటి సేద్దాం?"

అక్కని మా వైపు అప్పా అంటాం, నన్నలా పిలిచేది ఇదొక్కతే. అది ఆ మాట అంటే నేను కాదనలేను. అదే నా బలహీనత, దానికీ తెలుసు.

దాని కాయలు గాజువాక రోడ్డు పక్కన పెట్టి చూసింది. ఏ ఊరమ్మా అని అడిగితే నిజం చెప్పేది, పిచ్చిది. ఊరి పేరు వినగానే చేతిలో కాయ కింద పెట్టేసేవారట. మందుల కంపెనీల మురికి కలిసిన నీళ్ళు కదా అని. ఇంటి వెనక నుయ్యి నీళ్ళే అది పోసేది, అదే నీళ్ళు అది తాగేది.

ఇద్దరిదీ అమ్మ విత్తనమే. పెళ్ళప్పుడు కొంగు ముడిలో వేసి ఇచ్చింది, నాకు సగం, దానికి సగం. కాయ చూసి ఏ పందిరిదో నేనే చెప్పలేను. ఇక ఆఫీసరు ఏం చెబుతాడు? ఆ ధైర్యంతోనే ఒప్పుకున్నాను.

వారానికి మూడు రోజులు మొదటి బస్సుకి గోనె తెస్తుంది. బజారు వెనక గేటు దగ్గర టీ బడ్డీలో దింపుతుంది. కంపెనీ కేంటీన్లో దానికి రెండో షిఫ్టు, ఈలోగా ఇంటి పని చేసుకోవాలి, అందుకని వెంటనే వెళ్ళిపోతుంది. నేను తర్వాత వెళ్ళి గోనె ఈడ్చుకొస్తాను. ఇద్దరం మాట్లాడుకోం. అక్కచెల్లెళ్ళం దొంగల్లా అయిపోయాం.

ఏప్రిల్ 12, ఆదివారం

చందనోత్సవానికి ఇంక వారం. సింహాచలం వెళ్ళేవాళ్ళు, వచ్చేవాళ్ళు — బజారు కిటకిట.

స్టీల్‌ప్లాంట్ మేడంగారు వచ్చారు. వాళ్ళాయన అందులో రిటైరయ్యారట, వాళ్ళది గోదావరి వైపు. కాయకి గోరు గుచ్చకుండా కొనదు ఈవిడ. నాలుగు కాయలకి గుచ్చి ఐదోది తీసుకుంటుంది. గుచ్చినవి సాయంత్రానికి నల్లమచ్చ పడతాయి. ఆవిడ గోరు విరగాలని మొక్కుకోవాలి.

"ఎక్కడివమ్మా కాయలు?" 

"పద్మనాభం అండీ." 

"అదే చూసుకుంటానమ్మా నేను. పరవాడ వైపువైతే మా ఇంట్లో ముట్టం."

ఎందుకంది? నేను పరవాడ ఊసు ఎత్తనేలేదు. పది ఊళ్ళుండగా ఆ ఊరి పేరే ఎందుకొచ్చింది ఆవిడ నోటికి?

ఇంటికొచ్చి ఈయనకి చెబితే అన్నం కలుపుకుంటూ తల కూడా ఎత్తలేదు. "అందర్నీ అనుమానిత్తావు గానీ, నువ్వేటి తక్కువా? నెల్రోజుల్నించి అమ్ముతన్నావు, మీ సెల్లి కాయ ఒక్కటైనా ఇంట్లో వొండినావా?"

వండలేదు. నిజమే. మిగల్లేదు కాబట్టి వండలేదు, అన్నాను. మొన్న రెండు మిగిలాయి. నూకరత్నం దూడకని ఇచ్చేశాను.

ఏప్రిల్ 14, మంగళవారం

బజారు ఆఫీసు నుంచి కాయితం.

ఎప్పుడూ వచ్చే కుర్రాడు కాదు, ఆఫీసులో కూర్చునే బట్టతలాయనే వచ్చి చేతికిచ్చాడు. నా పేరు, కార్డు నంబరు, మూడు పంటలు. ఈ నెలాఖరులోగా తోట చూడ్డానికి మనిషి వస్తారు. అంతే. ఎందుకు అంటే "పైనుంచి" అన్నాడు. ఈ ఆఫీసుల్లో పైనుంచి రానిదేముంది... వానతో సహా.

ఎవరో చెప్పారు. తప్పకుండా చెప్పారు.

ఏప్రిల్ 15, బుధవారం

కునుకు లేదు.

నూకరత్నం. దాని కొడుక్కి వేరే దుకాణం కావాలని తిరుగుతోంది. నాది పోతే పక్కనే ఖాళీ.

టీ బడ్డీ సూరిబాబు. గోనె దిగిన ప్రతిసారీ చూసేది వాడే. ఆఫీసు వాళ్ళకి టీలు ఇచ్చేదీ వాడే. వాడి నాలుక మీద చక్కెర ఎక్కువ.

ఈయన. ఊరిలో రచ్చబండ దగ్గర మా మరదలు కాయలు అని అని ఉంటాడు. అడిగితే ఒట్టు వేశాడు. అంత తొందరగా ఒట్టు ఎందుకు వేయాలి?

పైడి కూడా... అది కల్లాకపటం లేని మనిషి. బస్సులో పక్క సీటు వాళ్ళకి "మా అప్ప కాడికి కాయలట్టుకెల్తన్నాను" అని చెప్పుకుంటూ వస్తుంది కాబోలు. చెడ్డవాళ్ళకంటే ఇలాంటివాళ్ళతోనే ముప్పు.

ఏప్రిల్ 17, శుక్రవారం

దుకాణం వదిలి కదలడం లేదు. ఇదివరకు నేను టీకి వెళ్తే నూకరత్నం నా కాయలు అమ్మి పెట్టేది, తను వెళ్తే నేను. ఇప్పుడు ఒంటికి పోసుకోవడానికి కూడా లేవకుండా కూర్చుంటున్నాను. నేను లేచిన ఐదు నిమిషాల్లో అది ఎవరితో ఏం చెబుతుందో.

"ఏటే, లెగవు? కాల్లు పట్టీత్తాయి" అంది. తోటకూర కట్టలు సర్దుకున్నాను.

ఏప్రిల్ 19, ఆదివారం

పైడికి ఫోను. కాయితం సంగతి చెప్పాను. ఒక పది రోజులు ఆపుదామా అన్నాను.

"ఇప్పుడే కాయ బాగా దిగతన్నాది అప్పా. ఆపీమంటే ఆపీత్తాను. ఎక్కడెట్టుకోను, పసువులకి ఏసుకోవాల."

సరేలే తే, అన్నాను. దూడ గుర్తొచ్చింది మరి.

"అప్పా, నువ్వు సిక్కిపోనావంట. సూరిబాబు సెప్పినాడు." 

చూశావా. వాడు నా గురించి దానికి చెబుతాడు. దాని గురించి ఎవరికి చెబుతున్నాడో!

ఏప్రిల్ 21, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మేడంగారు వచ్చారు. కాయ చేతిలో పట్టుకుని, గోరు ఆనించి, అడిగారు — "ఎవరో అంటున్నారమ్మా. ఇక్కడ కొందరు పరవాడ కాయలు తెచ్చి పద్మనాభం అని చెప్పి అమ్ముతున్నారట. నీవి కావు కదా?"

అదే సమయానికి బట్టతలాయన రేట్ల బోర్డు దగ్గర నిలబడి ఉన్నాడు. నూకరత్నం త్రాసు పట్టుకుని ఆగిపోయింది. అందరూ నన్నే చూస్తున్నారు. నాకు అలాగే అనిపించింది.

గొంతు పెంచాను. బజారంతా వినాలని పెంచాను. "ఆ విషం కాయలు నా దుకాణంలోకి తెస్తానేటండీ? ముట్టుకుంటే నా పిల్లల మీద ఒట్టు! పరవాడలో మాకెవరూ లేరు. ఆ దిక్కే తెలీదు మాకు."

ఆవిడ రెండు కాయలు కొన్నారు. పైడి కాయలు.

జనం పలచబడ్డాక గోనె కోసం వెనక గేటుకి వెళ్ళాను. బల్ల మీద గోనె, గోనె మీద స్టీలు గిన్నె. సూరిబాబు నా మొహం చూడకుండా చెప్పాడు. "మీ సెల్లి నీకివ్వాలని గిన్నట్టుకుని గేటు లోపలికెల్లినాది. మల్లొచ్చీసినాది. టీ ఇత్తానంటే వద్దన్నాది. ఇదొగ్గీసి ఎల్లిపోనాది."

ఎప్పుడు వెళ్ళింది లోపలికి అని అడిగాను. "నువ్వు కేకలేత్తన్నప్పుడే కదమ్మా" అన్నాడు.

ఏప్రిల్ 21, అదే రోజు

గిన్నెలో ఆనపకాయ, ఎండురొయ్యలు.

మూత తీసి చాలాసేపు చూశాను. వేలితో ముట్టుకుని నాలుక మీద పెట్టుకున్నాను. తర్వాత కంచం పెట్టుకున్నాను. అమ్మ కూరే. అమ్మ వేసినంత కారం, అమ్మ కోసినంత ముక్క.

ఈయనకి కొంచెం పెట్టాను. తిని కంచం కడిగేశాడు. ఒక మాట ఎత్తిపొడిచి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 22, బుధవారం

ఫోను ఎత్తడం లేదు.

ఏప్రిల్ 23, గురువారం

గోనె రాలేదు. గురువారం ఎప్పుడూ తప్పదు.

గేటు దగ్గరికి మూడుసార్లు వెళ్ళొచ్చాను. నూకరత్నం నా దుకాణం చూస్తానంది. చూడనీ. ఎవరితో ఏం చెప్పుకున్నా నాకిప్పుడు పట్టడం లేదు.

ఏప్రిల్ 24, శుక్రవారం

మరిది ఎత్తాడు, పైడి మొగుడు. "డూటీకెల్లిపోనాది వొదినా." ఉదయం ఎనిమిదికి ఏం డ్యూటీ? దానిది రెండో షిఫ్టు. వెనక గిన్నెల చప్పుడు వినిపించింది. అది గిన్నె పెట్టే చప్పుడు నాకు తెలీదా?

ఏప్రిల్ 26, ఆదివారం

గోనె వచ్చింది. అది రాలేదు. ఎవరో బండి మీద వచ్చి దింపి వెళ్ళిపోయాడట.

ఎప్పటికంటే బరువు. ఈడ్చలేక అక్కడే విప్పాను. పెద్దవి, లేతవి, పిడికిలంత పిందెలు కూడా. పిందెలు ఎవరు కోస్తారు? పందిరి మొత్తం దులిపేసింది.

అడుగున పాత చీర ముక్కలో చుట్టి ఒకటుంది. విప్పాను. అక్కడే బల్ల మీద కూర్చున్నాను.

తొడిమకి పసుపు దారం.

అమ్మ పద్ధతి అది. పాదుకి కాసిన మొదటి మంచి కాయ చూసి తొడిమకి పసుపు దారం కడతాం. అది విత్తనం కాయ. పందిరికి ఒక్కటే. ఎంత కరువొచ్చినా ఎవరూ కొయ్యరు. పాదు ఎండినా అది తీగకే వేలాడాలి, డొప్ప గట్టిపడి లోపల గింజ గలగలమనాలి. దారం కట్టిన కాయ కోశారంటే ఆ ఇంట్లో ఇక ఆనప పాదు లేదనే.

నా పందిరికి కట్టిన కాయ మార్చిలో తీగతో పాటే కుళ్ళిపోయింది. ఇప్పుడు అమ్మ విత్తనం ఎక్కడైనా ఉంటే ఇందులోనే ఉంది.

ఎందుకు పంపింది?

నీ సంబంధమే వద్దు, నీ విత్తనమూ వద్దు అని పంపిందా? లేక... నీ పందిరి పోయింది కదా అప్పా, ఇది వేసుకో అని పంపిందా? చీర ముక్కలో చుట్టడం చూస్తే ఒకలా అనిపిస్తుంది. పిందెలు చూస్తే ఇంకోలా.

ఊపి చూశాను. ఏదో కదిలినట్టూ ఉంది, లేనట్టూ ఉంది.

ఏప్రిల్ 28, మంగళవారం

నూకరత్నం పట్టుకుంది నన్ను, కొంగు పట్టుకుని.

"ఏటైనాదే నీకు? పది రోజుల్నించి మాటాడవు, పలకవు. నానేటి సేసినాను?"

చేసింది నువ్వే, ఆఫీసులో చెప్పింది నువ్వే, అనేశాను. ఎంత తేలికగా అనేశానో.

అది తన పట్ట కింద నుంచి మడత పెట్టిన కాయితం తీసింది. అదే కాయితం. తన పేరు, తన పంటలు. "అందరికీ వొచ్చినాది. కొత్త పంటకి తోటలు సూసి రాసుకుంటారట. నీకొక్కదానికే అనుకున్నావేటి? గుమ్మడికాయ దొంగంటే బుజాలు తడుముకున్నట్టుంది నీ యవ్వారం."

మరి మేడంగారో, అన్నాను. "ఆవిడ నన్నూ అడిగినాది, ఆ సివరోల్లనీ అడిగినాది. రోజూ ఎవుల్నో ఒకల్ని అడుగుద్ది. పేపర్లో సదివి వొచ్చుద్ది, వొచ్చి గోరు గుచ్చుద్ది."

తర్వాత మెల్లిగా, "నీ సెల్లి సంగతి నాకు మొదట్నించీ తెలుసే. ఆ రోజు ఎగతాలికి అడిగినాను గానీ ఎవులికి సెప్పినాను?" అంది.

తోటకూర మీద నీళ్ళు చల్లుతూ కూర్చున్నాను. తడిసినదాన్నే మళ్ళీ తడుపుతూ.

ఏప్రిల్ 29, బుధవారం

తోట చూడ్డానికి వచ్చింది చిన్నపిల్ల. హార్టికల్చర్ చదివిందట, ఎండకి మొహం కందిపోయింది. మజ్జిగ ఇచ్చాను. తాగి పందిరి కిందకి వెళ్ళింది. ఎండు తీగ చేత్తో పట్టుకుంటే పొడి అయి రాలింది.

"ఎప్పుడు పోయిందండీ?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. మార్చిలో, అన్నాను. మరి ఏప్రిల్లో ఏం అమ్మారు అని అడుగుతుందని చూశాను. అడగలేదు. ఎందుకు అడగలేదో... చాల్లే. అలిసిపోయి అడగలేదు.

"కార్డులో ఆనప ఉంచమంటారా, తీసెయ్యమంటారా? ఉంచితే వచ్చే నెల మళ్ళీ వస్తాను, పాదు మొలిచి ఉండాలి. విత్తనం ఉందా?"

"ఉంది."

"కొన్నదా?"

"మా అమ్మది" అన్నాను.

రాసుకుని వెళ్ళిపోయింది. కార్డు ఉంటుంది. పాదు మొలిస్తే.

మే 1, శుక్రవారం

కాయ ఉట్టిలో పెట్టాను. కోస్తే గింజ ముదిరిందో లేదో తెలుస్తుంది. ముదరకుండా కోసి ఉంటే కోపంతో కోసినట్టు. ముదిరేదాకా ఆగి కోసి ఉంటే...

రెండుసార్లు కత్తి పట్టుకున్నాను. ఈయన చూసి, "కాయనడిగితే ఏటి సెప్పుద్ది? ఎల్లి దాన్నే అడుగు" అన్నాడు.

మే 2, శనివారం

బజారుకి వెళ్ళలేదు. రెండు బస్సులు మారి పరవాడలో దిగి, అక్కడి నుంచి ఆటో. కాయ సంచిలో, చీర ముక్కలోనే. దాని గిన్నె కూడా తెచ్చాను. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని బెండకాయ వేపుడు పెట్టాను.

తలుపుకి తాళం. పక్కింటి ముసలాయన అరుగు మీద నుంచి అడిగాడు. "ఏ వూరమ్మా మీది? ఇక్కడ మీకెవులున్నారు?"

బజారులో అంత గొంతు పెట్టి అరిచినదాన్ని, ఇక్కడ గొంతు రాలేదు. రెండోసారి అడిగాక చెప్పాను. మా చెల్లి ఉంది, అని.

"పైడా? షిప్టు మారినాది దానికి. ఐదింటికొచ్చీద్ది. కూకో."

కూర్చున్నాను. రాసుకుంటూ కూర్చున్నాను, చేతులు ఊరుకోవు.

వెనక పెరట్లోకి వెళ్ళి చూశాను. నుయ్యి నీళ్ళు తోడుకుని తాగాను. పందిరి బోడిగా ఉంది. పాదు మొదలంటా పీకేసింది, తీగ చుట్టచుట్టి గోడ పక్కన పడేసింది. నిజంగానే పీకేసింది.

కానీ పందిరి పక్కన రెండు కొత్త గుంతలున్నాయి. మట్టి మెత్తగా తవ్వి, ఎరువు కలిపి, నీళ్ళు కూడా పోసి ఉంచింది. వేలు పెట్టి కెలికి చూశాను, రెండింట్లోనూ. విత్తనం లేదు. వేద్దామనుకుని గుంత తీసిన మనిషి విత్తనం నా సంచిలో ఉంది.

లేక వేరే విత్తనం కొనుక్కుందేమో. కొట్లో ప్యాకెట్లు దొరుకుతాయి కదా.

నాలుగున్నర. ముసలాయన టీ ఇప్పించాడు.

ఐదు దాటింది. కేంటీన్ ఆడవాళ్ళు గుంపుగా వస్తున్నారు. ఒకే రంగు కోట్లు, ఎవరు ఎవరో తెలీడం లేదు... మలుపు దగ్గర ఒకతి గుంపు నుంచి విడిపోయింది. అదే. ఇటే చూస్తోంది.

నన్ను చూసింది. ఆగిపోయింది.